పని కుక్కల ఒంటిపై ఫ్రీజ్ బ్రాండింగ్: గుర్తింపు నియమాలు రాసేవారికి బహిరంగ లేఖ

పని కుక్కల నమోదు, గుర్తింపు చూసే అధికారులకు, సంఘాల పెద్దలకు

అయ్యలారా, అమ్మలారా,

మందను మళ్ళించే కుక్కలు, వేటకుక్కలు, కాపలా కుక్కలు, గాలింపు పనిలో ఉండే కుక్కలు అన్నీ యజమాని చేతికి అందనంత దూరంలో పనిచేసేవే. మెడపట్టీ ముళ్ళకంపకు తగులుకుని తెగిపోతుంది, దొంగకు దాన్ని విప్పడం క్షణం పని. చర్మం కింద ఎక్కించే గుర్తింపు మైక్రోచిప్ ఉన్నా కంటికి కనబడదు, రీడర్ అనే పరికరంతోనే చదవాలి. అందుకే దూరం నుంచి చదవగలిగే గుర్తు కావాలని, పశువులకు, గుర్రాలకు వాడే ఫ్రీజ్ బ్రాండింగ్‌ను, అంటే బాగా చల్లబరచిన లోహపు అచ్చును చర్మానికి ఆనించి వేసే చలి ముద్రను, కుక్కలకూ అనుమతించమని కొందరు అడుగుతున్నారు. అసలు ఆ మాటే ఎత్తొద్దని ఇంకొందరు అంటున్నారు. పని కుక్కల వైద్యం, శిక్షణ, నమోదు చూసే మేం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. మీరు నియమం రాసేటప్పుడు కుక్కను చిన్న సైజు ఆవుగా లెక్కగట్టకండి. పశువుల పాకలో నడిచే పద్ధతిని, అవే అచ్చులను, అచ్చు ఆనించే అవే సెకన్లను కుక్క మీదికి తెస్తే ఒంటిమీద పుండు పడుతుంది, గుర్తూ సరిగా నిలవదు. అనుమతి ఇస్తే కుక్క ఒంటికి తగ్గ నియమంతో ఇవ్వండి. ఆ నియమం అమలు చేయించే ఏర్పాటు లేని చోట ఇవ్వకండి.

ముందు ఈ ముద్ర ఎలా పడుతుందో చెప్పాలి, ఎందుకంటే మేం అడిగేవన్నీ దాన్నుంచే వస్తాయి. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన పశువైద్యుడు కీత్ ఫారెల్ 1966లో ఈ పద్ధతిని తీర్చిదిద్దారు. వేడి వాత చర్మాన్ని కాల్చి మచ్చ మిగులుస్తుంది. చలి ముద్ర పనితీరు వేరు. వెంట్రుక కుదురులో రంగు తయారుచేసే కణాలు చలికి చాలా సున్నితం. అవి సున్నాకు కింద 4 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ దగ్గరే చచ్చిపోతాయి. వెంట్రుకను పుట్టించే కణాలు, చర్మపు పైపొర కణాలు దానికంటే మొండివి, చావడానికి మైనస్ 20 డిగ్రీలో ఇంకా తక్కువో కావాలి. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే ముద్ర పడుతుంది. రంగు కణాలు చచ్చి, కుదురు బతికితే అక్కడ తెల్ల వెంట్రుక మొలుస్తుంది. చలి చాలకపోతే బొచ్చు పాత రంగులోనే తిరిగొస్తుంది. మించితే కుదురే చచ్చి బోడి మచ్చ మిగులుతుంది. ఇంకా మించితే చర్మం నల్లబడి ఊడి వస్తుంది.

దళసరి తోలున్న పశువులో ఈ సందు కాస్త విశాలంగా ఉంటుంది, చేయి అటూఇటూ అయినా సర్దుకుంటుంది. కుక్కలో ఇరుకు. ఆవు తోలుతో పోలిస్తే కుక్క చర్మం బాగా పలుచన, అందులోనూ పొట్ట, తొడ లోపలి వైపు మరీ పలుచన. కింద ఉన్న కండకు గట్టిగా అంటుకోకుండా వదులుగా జారుతుంది. ఒక్కో రంధ్రం నుంచి ఒక్క వెంట్రుక కాకుండా ఒక గట్టి వెంట్రుక, దాని చుట్టూ సన్నని లోబొచ్చు గుత్తిగా వస్తాయి. పశువుల పుస్తకాల్లో లిక్విడ్ నైట్రోజన్‌తో (ద్రవంగా మార్చిన, అతి చల్లని నైట్రోజన్ వాయువుతో) చల్లబరచిన అచ్చును ఎదిగిన పశువుకు సుమారు 20 నుంచి 30 సెకన్లు, గుర్రానికి 8 నుంచి 12 సెకన్లు పెట్టమని ఉంటుంది. ఆ 20 సెకన్లు కుక్క తొడమీద పెడితే కింది కండ దాకా గడ్డకడుతుంది. గుర్రపు సెకన్లు కూడా పలుచని చర్మం మీద ఎక్కువే అవుతాయి.

అందుకని నియమంలో అన్ని కుక్కలకూ కలిపి ఒక్క అంకె రాయొద్దని మా విన్నపం. సమయం అచ్చు బరువును బట్టి, చల్లబరచడానికి ఏది వాడారన్నదాన్ని బట్టి, ఒంటిమీద చోటును బట్టి, చివరికి ఇచ్చిన మత్తుమందును బట్టి కూడా మారుతుంది. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. మెడిటొమిడిన్, డెక్స్‌మెడిటొమిడిన్ లాంటి మత్తుమందులు చర్మపు రక్తనాళాలను బిగిస్తాయి. గడ్డకడుతున్న చోటికి వెచ్చదనం తెచ్చేది రక్తమే కదా. అది తగ్గితే అవే సెకన్లలో చలి మరింత లోతుకు దిగుతుంది. మత్తు లేకుండా లెక్కగట్టిన సమయాన్ని మత్తులో ఉన్న కుక్కకు వాడటంలో ఉన్న ప్రమాదం ఇదే. ప్రతి బృందం తన అచ్చుతో, తన మందులతో ముందు పరీక్ష చేసి చూపించాలని నియమంలో రాయండి. వేరే పని మీద ఎలాగూ మత్తు ఇవ్వాల్సి వచ్చిన కొన్ని కుక్కల మీద, యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే, 2 సెంటీమీటర్ల ఒక్క గీత చాలు. గుర్రానికి చెప్పిన సమయానికి బాగా కిందనుంచే మొదలుపెట్టాలి. మూడు నెలలు గానీ, ఒక బొచ్చు రాలే కాలం గానీ ఆగి, ఫొటోలు చూసి, అప్పుడు అంకె ఖాయం చేయాలి. తక్కువ పడిన గీతతో ఎవరికీ నష్టం లేదు. ఎక్కువ పడిన దాన్ని వెనక్కి తీసుకోలేం.

నొప్పి సంగతి సూటిగా మాట్లాడుకోవాలి. ఫ్రీజ్ బ్రాండింగ్‌కు నొప్పి ఉండదని ప్రచారం ఉంది, అది తప్పు. వేడి వాతను, చలి ముద్రను పశువుల్లో పోల్చి చూసిన పరిశోధనల్లో చలి ముద్రకు బాధ తక్కువని తేలింది, అసలు లేదని తేలలేదు. లోహం ఆనిన మొదటి క్షణాల్లో మంట ఉంటుంది, తర్వాత చర్మం మొద్దుబారుతుంది, కరిగి రక్తం తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ మంట, ఆపైన వాపు. పశువును ఇరుకు బోనులో నిలబెట్టి పనికానిస్తారు. కుక్కను అలా నిలబెట్టలేం. నలుగురు కలిసి అదిమిపట్టినా అది ఒక్కసారి కదిలిందంటే అచ్చు జారి గీత రెండుగా పడుతుంది, పట్టుకున్నవాళ్ళకు కాటూ పడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మనిషి చేతిని నమ్మి పనిచేసే జంతువుకు ఆ చేతినే భయంగా మార్చకూడదు. మత్తు, నొప్పిమందు లేకుండా కుక్కకు ముద్ర వేయడాన్ని నేరుగా నిషేధించండి. ఇందులో మినహాయింపులు వద్దు.

మత్తు పశువైద్యుడి చేతిలోనే ఉండాలి, మంద కుక్కల విషయంలో మరీను. కోలీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో ఎండీఆర్1 అనే జన్యువులో లోపం తరచుగా కనబడుతుంది. అది ఉన్న కుక్కలకు ఎసిప్రొమజిన్, బ్యూటార్ఫనాల్ అనే మత్తు మందులు మామూలు మోతాదులోనే ఎక్కువసేపు, ఎక్కువ లోతుగా పట్టేస్తాయి. పరీక్ష చేయించుకోవాలి, లేదంటే మోతాదు తగ్గించాలి. నొప్పికి మెలాక్సికామ్ మొదటి రోజు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, తర్వాతి రోజుల్లో 0.1 అనేది కుక్కల్లో వాడుకలో ఉన్న మోతాదు. నీరసించిన, ఒంట్లో నీరు తగ్గిన, కిడ్నీ జబ్బున్న కుక్కకు అది ఇవ్వకూడదు. రోజంతా పరుగెత్తి వచ్చిన కుక్కకు అదే సాయంత్రం ముద్ర పెట్టొద్దనడానికి ఇదొక కారణం. లిగ్నోకైన్‌తో చర్మం మొద్దుబార్చాలనుకుంటే ముద్ర పడే చోటి కింద ఎక్కించకూడదు, దూరంగా చుట్టూ ఎక్కించాలి. కింద నీరు చేరితే చర్మం ఉబ్బి చలి సమంగా దిగదు, గీత మధ్యలో సరిగా పడదు. ఎడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ అసలు వాడొద్దు, పైన చెప్పిన రక్తనాళాల సంగతే మళ్ళీ వస్తుంది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనుకో పళ్ళ శుభ్రతకో మత్తు ఇచ్చిన రోజునే ముద్ర కూడా పెడితే కుక్కకు ఒక మత్తు తప్పుతుంది.

ఇక చలి, అచ్చు. లిక్విడ్ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు, డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) మైనస్ 78. డ్రై ఐస్‌ను ఆల్కహాల్‌లో వేసి అందులో అచ్చు ముంచుతారు. నైట్రోజన్‌తో పని త్వరగా అవుతుంది, తప్పు కూడా అంతే త్వరగా జరుగుతుంది. డ్రై ఐస్‌తో ఎక్కువసేపు ఆనించాలి, కానీ ఒకటి రెండు సెకన్ల తేడా అంత పెద్ద నష్టం చేయదు. పలుచని చర్మానికి ఈ నిదానం మంచిదేనని మా అభిప్రాయం. ఒక బృందం ఒకే చలిని ఎంచుకుని దానితోనే ఉండాలి. ఈరోజు ఇది, రేపు అది అంటే పరీక్షలో తేల్చుకున్న సెకన్లకు అర్థం లేదు. మొటిమలకో పులిపిర్లకో కొట్టే చలి స్ప్రే డబ్బాలతో అంకెలు రాసే ప్రయత్నాన్ని అసలు ఒప్పుకోవద్దు. చినుకు ఎటు పాకుతుందో చేతిలో ఉండదు.

అచ్చు తల రాగితోనో, కంచు, ఇత్తడి లాంటి మిశ్రమంతోనో ఉండాలి. రాగి స్టెయిన్‌లెస్ స్టీల్ కంటే 20 రెట్లకు పైగా చురుగ్గా వేడిని మోస్తుంది. తలలో దండిగా లోహం ఉండాలి. పలుచని రేకుతో చేసిన అచ్చు చర్మానికి ఆనగానే తన చలిని వదిలేసుకుంటుంది, మొదటి అంకె బాగా పడి మూడో అంకె సరిగా పడదు. ఆనే అంచులు గుండ్రంగా రుద్ది ఉండాలి, పదునుగా ఉంటే చర్మం కోసుకుంటుంది. నైట్రోజన్‌లో అచ్చు ముంచగానే అది సలసలా మరుగుతుంది. కొంతసేపటికి ఆ మరుగు ఒక్కసారిగా పెద్దదై, వెంటనే సద్దుమణుగుతుంది. ఆ నిశ్శబ్దం వచ్చాకే అచ్చు నైట్రోజన్ చలికి చేరినట్టు. ప్రతి అంకెకూ మళ్ళీ ముంచి, మళ్ళీ ఆ నిశ్శబ్దం దాకా ఆగాలి. డ్రై ఐస్‌లో బుడగలు తగ్గడం గుర్తు, మొదటిసారి పావుగంటైనా పడుతుంది. ఆల్కహాల్ అచ్చు తల పైదాకా ముంచెత్తాలి, పని సాగుతున్నకొద్దీ డ్రై ఐస్ కలుపుతూ ఉండాలి.

కుక్క చర్మం మీద జరిగేదాన్ని దగ్గరగా చూపిస్తాం, నియమంలో ఏ మాట ఎందుకు ఉండాలో తెలుస్తుంది. బొచ్చు కత్తిరించే క్లిప్పర్‌కు 40 నంబరు బ్లేడు పెట్టి బొచ్చును చర్మం దాకా తీస్తారు. లోబొచ్చు కొంచెం మిగిలినా అది దుప్పటిలా చలిని ఆపుతుంది. ఊడిన బొచ్చు, చుండు పూర్తిగా తుడిచాక, అచ్చు ఆనించడానికి సరిగ్గా ముందు ఆ చోటును 95 శాతానికి పైబడిన ఆల్కహాల్‌తో తడుపుతారు. ఆల్కహాల్ లోహానికీ చర్మానికీ మధ్య ఉన్న గాలిని నింపి చలిని లోపలికి చేరుస్తుంది. గాయాలకు వాడే 70 శాతం ఆల్కహాల్‌లో నీరు ఉంటుంది, ఆ నీరు గడ్డకట్టి అడ్డుపొర అవుతుంది. ముందే తడిపి మాటల్లో పడితే వెచ్చటి చర్మం మీద ఆల్కహాల్ ఆరిపోతుంది. ఎక్కువ పోస్తే పక్కలకు కారి అక్కడా చల్లబరుస్తుంది, అంచు చెదురుతుంది. పక్కనున్న మనిషి రెండు అరచేతులతో చర్మాన్ని చదునుగా పరుస్తారు, లాగి సాగదీయరు. సాగదీసి వేసిన 3 అంకె చేతులు వదిలాక సన్నగా ముడుచుకుని 1కీ 3కీ మధ్య ఏదో అవుతుంది. ఈ ఒక్క కారణంతో పాడైన ముద్రలు ఎన్నో.

అచ్చును నేరుగా దించి, గట్టిగా, సమంగా నొక్కి ఉంచాలి. ఒత్తిడి ఆ చోట రక్తాన్ని పక్కకు నెడుతుంది, అందుకే వదులుగా పట్టుకున్న అచ్చు అదే సమయంలో సగం పనే చేస్తుంది. తొడ వంపు మీద మణికట్టును కొద్దిగా అటూఇటూ ఒరిగించాలి, జరపకూడదు. సెకన్లు లెక్కపెట్టేది అచ్చు పట్టిన మనిషి కాకూడదు, ఇంకొకరు గడియారం చూస్తూ పైకి చదవాలి. ఎత్తగానే అంకె చర్మంలోకి పళ్ళెంలా దిగి, తెల్లగా, గట్టిగా కనబడుతుంది. వేలితో తాకితే గడ్డకట్టిన వెన్నలా ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల్లో అది కరిగి మెత్తబడుతుంది, తర్వాత అదే గీత ఎర్రగా ఉబ్బి పైకి లేస్తుంది. ఎత్తిన వెంటనే గుంటలో ఎక్కడైనా గీత తెగిపోయి ఉంటే ఆ చోట చలి ఆనలేదని అర్థం. అప్పుడు అదే చోట మళ్ళీ అచ్చు పెట్టాలన్న ఆత్రం చాలామందికి వస్తుంది. అస్సలు పెట్టకూడదు. రెండోసారి ఆనితే ఒకసారి గడ్డకట్టిన గీతంతా మళ్ళీ గడ్డకట్టి, కుదుళ్ళూ చర్మమూ చస్తాయి. ఒకసారి గడ్డకట్టించిన చోటును ఆ రోజు మళ్ళీ గడ్డకట్టించకూడదన్న వాక్యం నియమంలో ఉండి తీరాలి.

ఎక్కడ వేయాలి? తొడ బయటి వైపు పైభాగం. అక్కడ కండ చదునుగా ఉంటుంది, పరుగెత్తేటప్పుడు కనబడుతుంది, కింద ఎముక గుచ్చుకోదు. పక్కటెముకల మీద వేస్తే అచ్చు ఎముక దగ్గర ఎక్కువ, సందుల్లో తక్కువ ఆనుతుంది. భుజాలు, వీపు, ఛాతీ చుట్టూ వద్దు. అక్కడ హార్నెస్ పట్టీ రాసుకుని పట్టీ కింద కూడా తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి, వాటిలో ముద్ర కలిసిపోతుంది. ఏ వైపు తొడ అన్నది మీ పరిధిలోని కుక్కలన్నిటికీ ఒకటే ఉండాలి.

ఏ కుక్కలకు పనికిరాదో నియమంలో పేరుపెట్టి రాయమని అడుగుతున్నాం. తెల్ల, లేత గోధుమ రంగు కుక్కకు తెల్ల వెంట్రుకతో ప్రయోజనం లేదు. పశువుల్లో ఇలాంటప్పుడు కుదురు చచ్చేదాకా ఎక్కువసేపు పెట్టి బోడి గీత తెప్పిస్తారు. కుక్కలో అది చేస్తే పలుచని చర్మం మీద జీవితాంతం ఎండకు కమిలే, కంపకు గీసుకునే మచ్చ మిగులుతుంది. కాబట్టి లేత రంగు కుక్కలకు పూర్తిగా వద్దు. పొడవు బొచ్చు కుక్కల్లో ముద్ర ఉన్నా బొచ్చు కింద దాక్కుంటుంది, చదవాలంటే ప్రతిసారీ కత్తిరించాలి. మంచు మీద స్లెడ్జి బండి లాగే సైబీరియన్ హస్కీ, మాలమ్యూట్ లాంటి ఒత్తుబొచ్చు జాతుల్లో క్లిప్పర్ పెట్టిన చోట బొచ్చు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా తిరిగి రాదు. వాటికీ వద్దు. మచ్చల కుక్కకు తొడ మీద నల్లటి చోటు అంకెలు పట్టేంత ఉంటేనే ఆలోచించాలి. పొట్టి, ముదురు బొచ్చున్న వేటకుక్కలు, కొన్ని మంద కుక్కలు, కొన్ని కాపలా కుక్కలు మిగులుతాయి. ఈ పద్ధతి నిజంగా వాటికే.

కుక్కపిల్లల మీద వేయొద్దు. కూన బొచ్చు రాలి పెద్ద బొచ్చు వచ్చేదాకా, ఒళ్ళు ఎదిగేదాకా ఆగాలి, పెద్ద జాతుల్లో ఏడాది వయసు దాకా. చిన్నప్పుడు వేసిన అంకె ఒంటితో పాటే సాగి, గీతల మధ్య బొచ్చు పలుచబడి చదవలేకుండా పోతుంది.

అంకెల ఆకారం చిన్న విషయంగా కనబడుతుంది కానీ ముద్ర పాడయ్యేది ఎక్కువగా అక్కడే. 8, 6, 9, 0 లాంటి మూసిన ఆకారాల్లో మధ్య చిక్కుకున్న చర్మపు దీవి చుట్టూ ఉన్న చలికి తనూ గడ్డకడుతుంది, నయమయ్యాక ఒక తెల్ల ముద్దలా కనబడుతుంది. అంకె ఎత్తు 4, 5 సెంటీమీటర్లుండే కుక్క ముద్రలో ఈ బాధ పశువుకంటే ఎక్కువ. మూసిన ఆకారాల్లో ఒకచోట సందు వదిలి అచ్చు చేయించాలి, లేదా అవి లేని గుర్తులు ఎంచుకోవాలి. అమెరికాలో అడవి గుర్రాల మెడకు ఎడమ వైపు వేసే ముద్రలో ఫారెల్ రూపొందించిన కోణాల పద్ధతి ఉంది. లంబకోణాన్ని తిప్పి తిప్పి వేర్వేరు అంకెలుగా చదువుతారు. గీతలు మూసుకోవు, మార్చి దిద్దడం కష్టం. కుక్కలకు ఇలాంటిదే నయం, చదివే పట్టిక అందరి చేతిలో ఉంటే చాలు. గీత వెడల్పు 5, 6 మిల్లీమీటర్లు, గీతకూ గీతకూ మధ్య దానికి రెండింతల ఖాళీ చర్మం ఉండాలని మా సూచన. మూడు నాలుగు గుర్తులు మించొద్దు. యజమాని పేరు, ఫోన్ నంబరు ఒంటిమీద రాయొద్దు. కుక్క చేతులు మారుతుంది, ముద్ర మారదు.

ఈ ముద్ర ఎప్పటికీ మైక్రోచిప్ స్థానంలోకి రాకూడదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన 11784, 11785 ప్రమాణాల చిప్‌లో 15 అంకెల సంఖ్య ఉంటుంది, రీడర్ దాన్ని 134.2 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలతో చదువుతుంది, ఆ సంఖ్య ఒక్క కుక్కదే. మూడు గుర్తుల ముద్ర అలా కాదు, పక్క సంఘంలోనూ అదే ముద్ర ఉండొచ్చు. చిప్‌కు ఉన్న కొరత, రీడర్‌ను ఒంటికి దాదాపు ఆనించాలి. గుంపులో పరుగెత్తే కుక్కను, చేతికి చిక్కని కుక్కను అలా చదవలేం. దారి తప్పిన వేటకుక్కను రీడర్ లేని మనిషి చూసినప్పుడు ఇది ఎవరిదో పని కుక్క, వెతికేవాళ్ళున్నారని చెప్పేది ముద్ర. కాబట్టి ముందు చిప్, అది చదివి రిజిస్టరులో ఉందని చూశాకే ముద్ర. ముద్ర వేసిన రోజునే చిప్ సంఖ్య పక్కన ముద్ర గుర్తులు రాయాలి. చిప్ లేని కుక్కకు ముద్ర వేస్తే అది చెల్లదని రాయండి.

పని జరిగే చోటి భద్రత గురించి కొంచెమే చెప్తాం, అయినా ఒక్క మాట కూడా వదలకండి. ఒక లీటరు నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుంది, గదిలో ఆక్సిజన్‌ను పక్కకు నెడుతుంది. దానికి వాసన ఉండదు, మనిషి హెచ్చరిక లేకుండా పడిపోతాడు. తలుపులు తెరిచి, గాలి ఆడే చోటే పని. మూత బిగించిన పాత్రలో నింపకూడదు, మూసిన కారులో మనుషులతో పాటు తీసుకెళ్ళకూడదు. డ్రై ఐస్‌దీ అదే సంగతి. చేతికి వదులు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. బిగుతు తొడుగులోకి చుక్క దూరితే తీసేలోపే కాలుతుంది. ఆల్కహాల్ పోసిన చోట క్లిప్పర్ ఆన్ చేయకూడదు, అందుకే బొచ్చు తీయడం ముందు, తడపడం తర్వాత. మత్తులో ఉన్న కుక్క ఒంటి వేడి తానే తగ్గుతుంది, దానిపై ఆల్కహాల్ పోస్తున్నాం. కింద దుప్పటి, పక్కన థర్మామీటరు ఉండాలి.

తర్వాతి సంరక్షణకు యజమాని చేతికి రాతపూర్వకంగా కాగితం ఇవ్వాలని నియమం పెట్టండి. మొదటి రోజు వాపు మామూలే. ఆపైన రెండు మూడు వారాల్లో పై చర్మం ఎండి పెచ్చుగా లేచి, బొచ్చు మొదళ్ళతో సహా రాలుతుంది. కొత్త తెల్ల బొచ్చు సాధారణంగా రెండు మూడు నెలలకు కనబడుతుంది. కుక్క ముద్ర పడిన చోటును నాకుతుంది. నాకిన చోట చర్మం తడిసి పుండవుతుంది, కుదురు చచ్చి గీత బోడి అవుతుంది. పెచ్చు పూర్తిగా రాలేదాకా మెడకు నాకకుండా ఆపే గరాటు లాంటి కోన్, ఆ రోజుల్లో నీళ్ళలో దిగే పని, కంపలో దూరే పని మానిపించడం తప్పనిసరి. పెచ్చు లాగకూడదు, నూనెలూ పసుపూ రాయకూడదు. తడి, చీము, దుర్వాసన, నల్లగా గట్టిపడిన చర్మం కనబడితే అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలి. కుక్కను వెంటనే పనిలో పెట్టాల్సిన కాలంలో ముద్ర పెట్టించకూడదు, పని లేని కాలం చూసుకోవాలి.

చివరిగా రిజిస్టరు. ప్రతి ముద్రకూ ఇవి రాయించండి: చిప్ సంఖ్య, గుర్తులు, ఏ తొడ, ఏ చలి, ఎన్ని సెకన్లు, ఏ మత్తు, ఎవరు వేశారు. మూడు ఫొటోలు కావాలి: అచ్చు ఎత్తిన వెంటనే, మూడు వారాలకు, నాలుగు నెలలకు. నాలుగో నెల ఫొటో పంపని బృందానికి మరుసటి ముద్రకు అనుమతి ఆపండి. వచ్చిన ఫొటోల్లో బోడి గీతలు కనబడితే ఆ బృందం సెకన్లు తగ్గించి, ఒక్క గీత పరీక్ష మళ్ళీ చేసి చూపించాలి. కుక్క చేతులు మారినప్పుడు పాత ముద్ర మీద కొత్తది వేయడానికి ఒప్పుకోవద్దు, రిజిస్టరులో యజమాని పేరు మాత్రమే మారాలి. ఈ పుస్తకం చూసి, అవసరమైతే నో చెప్పే ఒక మనిషిని మీ దగ్గర నియమించిన రోజున మొదటి ముద్రకు అనుమతి ఇవ్వండి, అంతకుముందు కాదు.

ఇట్లు,
పని కుక్కల వైద్యం, శిక్షణ, నమోదు పనుల్లో ఉన్నవారం